వెల్లుల్లి నాచు

చుట్టాలు వస్తున్నారంటే ఇల్లు అలికించినవాళ్ళను చూశాం, గోడలకు సున్నం కొట్టించినవాళ్ళను చూశాం. బావి కడిగించినవాడు మాత్రం జహీరాబాద్ చుట్టుపక్కల ఒక్క మహాదేవప్పే.

అదీ అలాంటిలాంటి కడగడం కాదు. కోహీర్ నుంచి నర్సింలు ముఠాను పిలిపించాడు. రెండు మోటార్లు పెట్టి నీళ్ళన్నీ తోడించాడు. అడుగున తరతరాలుగా పేరుకున్న నాచును గంపలకెత్తించి, రాళ్ళను కొబ్బరి పీచుతో రుద్దించి, ఊట మళ్ళీ మోకాలి లోతుకు చేరగానే బ్లీచింగ్ పొడి చల్లించాడు. బుధవారం సాయంత్రం గట్టు మీద నిలబడి తొంగి చూస్తే అడుగున రాతి పగులు కూడా కనబడింది. పెళ్ళయిన రోజు కూడా ఈయన ముఖంలో ఇంత వెలుగు చూడలేదని పార్వతమ్మ అంది. మహాదేవప్ప కాదనలేదు.

మహాదేవప్ప తాత బీదర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ నేల కొని ఆ బావి తవ్వించాడు. ఇప్పుడు దాని చుట్టూ ఆరెకరాల అల్లం, చెరకు, మధ్యలో ఇల్లు. ముంబై హైవే పిలిస్తే పలికేంత దూరంలో ఉంటుంది. ఒక్కతే కూతురు, ప్రియాంక. హైదరాబాద్‌లో పరిశోధన చేస్తోంది. దేని మీద అని ఎవరైనా అడిగితే మహాదేవప్ప గొంతు సవరించుకొని "మోటార్ల మీద" అనేవాడు. పంపుసెట్లు బాగుచేసే సిద్దప్ప ఒకసారి చాయ్ హోటల్లో, నలుగురిలో, ఆ మోటారు ఎన్ని హెచ్‌పీ అని అడిగాడు. మహాదేవప్పకు తెలియదు. తెలిసినట్టు తల ఊపి చాయ్ తాగేసి వచ్చేశాడు. ఇంటికి వచ్చాకైనా కూతురికి ఫోన్ చేసి అడగొచ్చు కదా, అడగలేదు. ఎవరినీ ఏదీ అడగకపోవడం ఆయన పుట్టుకతో తెచ్చుకున్న గుణం. దారి తప్పినా సరే, దారి అడగకుండా పది కిలోమీటర్లు తిరిగి వచ్చే మనిషి.

ఆ గుణమే ఇప్పుడు కొంప ముంచింది. అయిదేళ్ళుగా ప్రియాంక ఇంటికి వచ్చినప్పుడల్లా, తిరిగి వెళ్ళే ముందు బావి మెట్లు దిగేది. నాలుగు పోగుల నాచును గాజు సీసాలో వేసుకొని, సీసాకు న్యూస్‌పేపర్ చుట్టి సంచిలో పెట్టుకునేది. మహాదేవప్ప అరుగు మీద నుంచి అది చూసి ముఖం తిప్పుకునేవాడు. దవాఖానలో రక్తం తీసి పరీక్షకు పంపినట్టు, తన బావి మురికి పరీక్షకు పోతోందని ఆయనకు ఆయనే తేల్చుకున్నాడు. బస్సులో నలుగురి కంట పడితే తలవంపులని పేపరు చుడుతోందనీ తేల్చుకున్నాడు. అసలే ఆ నాచుకొక పాడు వాసన. వేళ్ళతో నలిపితే పచ్చి వెల్లుల్లి కంపు కొడుతుంది. ఆ వాసన వల్లే పార్వతమ్మ ఆ నీళ్ళను పప్పులో పోయదు. తాత కట్టిన బావికి తన హయాంలో ఈ గతి పట్టిందని మహాదేవప్ప అయిదేళ్ళు లోలోపలే కుమిలిపోయాడు.

సోమవారం ప్రియాంక ఫోన్ చేసింది. గురువారం పొద్దున్నే పూణె సారు ఒకాయనను తీసుకొని వస్తున్నాననీ, ఆయన దగ్గర పెద్ద కెమెరా ఉందనీ, పనంతా మన బావి దగ్గరేననీ చెప్పింది. ఏం పని అని ఆయన అడగలేదు. సరే అని ఫోన్ పెట్టేశాడు. మురికి హైదరాబాద్ దాకా పోయింది చాలక, ఇప్పుడు ఫొటోలెక్కి పూణె కూడా పోతుందా? పావుగంటలో నర్సింలుకు ఫోన్ వెళ్ళింది. మంగళవారం, బుధవారం పని సాగింది. చివరి గంప పైకి వచ్చాక మహాదేవప్ప ముఠాకు ఒకే మాట చెప్పి స్నానానికి పోయాడు. ఈ పాకురు ఎవ్వరి కంటా పడొద్దు, కనపడని జాగలో పారేయండని.

గురువారం తొమ్మిదింటికి కారు వచ్చి ఆగింది. ప్రియాంకతో పాటు సన్నగా, పొడుగ్గా ఉన్న హరికృష్ణ అనే ఆయన దిగాడు. వెనక సీట్లో ఒక నల్ల పెట్టె ఉంది. దానికి చంటిపిల్లకు కట్టినట్టు సీటు బెల్టు కట్టి ఉంది. చాయ్ పెడుతున్నానని పార్వతమ్మ అంటున్నా వినకుండా మహాదేవప్ప ఇద్దరినీ నేరుగా బావి దగ్గరికి నడిపించుకుపోయాడు.

ప్రియాంక తొంగి చూసింది. ఇంకోవైపు వెళ్ళి అక్కడ నుంచి కూడా చూసింది.

"నాచేది నాయినా?"

"తీపిచ్చిన బిడ్డా. ఒక్క పోగు గూడ లేదు, సూడు. బ్లీచింగ్ గూడ కొట్టిపిచ్చిన." ఆ ఆఖరి మాట ఆయన మరింత దర్పంగా అన్నాడు.

ప్రియాంక గట్టు మీద కూలబడిపోయింది. హరికృష్ణ బావిలోకి చూశాడు, తర్వాత కారు వైపు చూశాడు, తర్వాత ఎవరి వైపూ చూడలేదు.

ఆ పిల్ల అరిచినా బాగుండేది. అరవకుండా, చిన్నపిల్లలకు చెప్పినట్టు మెల్లగా చెప్పుకొచ్చింది. తాము వచ్చిందే ఆ నాచు కోసం. ఆ నాచులో ఒక్కో కణుపు ఒక్కటే కణం. కంటికి కనబడేంత పొడుగు. దాని లోపల రసం ఆగకుండా గుండ్రంగా పారుతూ ఉంటుంది. దాన్ని పారించేవి మోటార్లు. ఇనుపవి కావు, జీవం తనకు తాను చేసుకున్నవి. ఒక్కో మోటారుకు రెండు కాళ్ళు. వెంట్రుకను వెయ్యి చీలికలు చేసినా ఒక్క చీలిక వాటికి పెద్ద రోడ్డే. సన్నని తాళ్ళ మీద మూటలు మోస్తూ అవి నడుస్తాయి. మన ఒంట్లోనూ అలాంటివే నడుస్తున్నాయి గానీ, ఈ జాతి నాచులో నడిచేవాటి జోరు వేటికీ లేదు. ఆ జోరే చిక్కు. మామూలు కెమెరాతో చూస్తే గీత గీసినట్టు అలికిపోతుంది, అడుగు కనబడదు. హరికృష్ణ తెచ్చిన కెమెరా రెప్ప కొట్టేలోపు కొన్ని వేల ఫొటోలు తీస్తుంది. దానితో తీస్తే ఒక్కో అడుగూ లెక్కకు దొరుకుతుంది. అయిదేళ్ళ పనికి ఆ అడుగు ఒక్కటే తక్కువ.

కెమెరా పూణె వాళ్ళది. నెల రోజులకు హైదరాబాద్‌కు అరువిచ్చారు. ఆ నెలలోనే ప్రియాంక ల్యాబ్ తొట్టిలోని నాచంతా చచ్చిపోయింది. వినాయక చవితి సెలవుల్లో నీళ్ళు తగ్గాయని వాచ్‌మన్ జాలిపడి కుళాయి నీళ్ళు పోశాడు. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ మందు ఉంటుంది, అది నాచుకు పడదు. కొత్త నాచును తీసుకుపోయి పెడదామంటే ల్యాబ్ నీళ్ళకు కుదురుకోవడానికి పది రోజులు పడుతుంది, అన్ని రోజులు మిగల్లేదు. అందుకని నాచు దగ్గరికే కెమెరాను తెచ్చారు. ఎలాగూ పూణె పోయే దారే కదా, ఒక రోజు ఆగుతానని హరికృష్ణ ఒప్పుకున్నాడు. రేపు పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఆయన కెమెరాను అప్పజెప్పాలి. మళ్ళీ ప్రియాంక వంతు వచ్చే వానాకాలానికి. ఆమె ఫెలోషిప్ మార్చితో ఆఖరు.

"నీ తప్పు కాదు నాయినా," అంది చివరికి. "నువ్వు అడగవని నాకెర్కే. ఎర్కుండి గూడ నేను చెప్పలే."

లేచి లోపలికి వెళ్ళిపోయింది. మహాదేవప్ప ఆమె లేచిన చోటే గట్టు మీద కూర్చున్నాడు. ఆయనకు కూతురంటే ప్రాణం. ఆ ప్రాణం మీద తానే బ్లీచింగ్ చల్లాడు, అదీ కూలిచ్చి మరీ.

కానీ కూర్చుంటే నాచు రాదు. నర్సింలుకు ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. స్కూటర్ తీసి కోహీర్ బయల్దేరాడు. గట్టు మీద పారేశాడో, రోడ్డు పక్కన పారేశాడో, ఈ ఎండకు ఈపాటికి ఎండి గడ్డి అయి ఉంటుందని దారంతా ఆయన మనసు పీకింది. కోహీర్‌లో నర్సింలు ఇంటికి తాళం. అప్పుడు మహాదేవప్ప జన్మలో చేయని పని చేశాడు. కిరాణా కొట్టువాణ్ణి అడిగాడు. ఆ తర్వాత మేకల మనిషిని, ఆ తర్వాత బడికి పోతున్న పంతులమ్మను. ముగ్గురిని అడిగితే నర్సింలు ఏ బావిలో దిగి ఉన్నాడో తెలిసింది.

ఆ బావి గట్టున ముఠా వరసగా విడిచిన చెప్పుల పక్కన నిలబడి లోపలికి కేక వేశాడు. ముప్పై అడుగుల కింద నుంచి నర్సింలు తల పైకెత్తాడు.

"నిన్నటి పాకురు ఏడ పోసినవ్?"

"పటేలా, నువ్వే అంటివి గద, కనపడని జాగల పారెయ్యమని. నీ చెరుకు ఎనుక మొరం గుంత లేదా, అండ్ల గుమ్మరిచ్చిన."

"గుంతల నీళ్ళున్నయా?"

"నడుము లోతున్నయ్."

మహాదేవప్ప స్కూటర్‌కు ఆ వేగం ఉందని ఆ స్కూటర్‌కే తెలియదు.

హైవే వెడల్పు చేసినప్పుడు మొరం కోసం తవ్విన గుంత అది. వానాకాలం నీళ్ళు నిండి చిక్కటి చాయ్ రంగులో ఉంది. పైన ఏమీ తేలడం లేదు. మహాదేవప్ప పంచె ఎగగట్టి దిగాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బురదలో కాలుతో తడుముతూ, చేతికి అందినది పైకి తీసి నలిపి ముక్కు దగ్గర పెట్టుకొని చూస్తున్నాడు. మొదటిది గడ్డి. రెండోది గుట్కా పొట్లాల దండ. మూడోది ఏమిటో ఆయన ఎవరికీ చెప్పలేదు. దూరం నుంచి చూసిన పార్వతమ్మ, ఈయన అవమానంతో గుంతలో దిగాడనుకొని గుండె బాదుకుంటూ కూతురిని లాక్కొచ్చింది.

వాళ్ళు గుంత గట్టుకు చేరేసరికి ఆయన చేతిలో ఎర్రమట్టి ముద్ద ఒకటి ఉంది. నలిపాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. అయిదేళ్ళు ముక్కు మూసుకునేలా చేసిన ఆ వెల్లుల్లి కంపు ఆ పూట ఆయనకు సాంబ్రాణి పొగ కన్నా హాయిగా ఉంది.

"ఇదేనా బిడ్డా?"

ప్రియాంక చెప్పులతోనే నీళ్ళలోకి దిగింది. ముద్దను చేతిలోకి తీసుకొని, నీళ్ళలో ఆడించి, మట్టి కడిగింది. చాలా మటుకు నలిగి పాలిపోయింది. మధ్యలో ఓ గుప్పెడు పోగులు పచ్చగా, నిటారుగా ఉన్నాయి. ఆమె కళ్ళు నిండాయి. అవి కన్నీళ్ళని ఒప్పుకోక, కంట్లో బురద చిందిందని చెప్పింది.

గుంత నీళ్ళనే పార్వతమ్మ పాత నేత చీర నాలుగు మడతలు వేసి వడగట్టింది. రెండు గంటలు నాచును నీడలో కదపకుండా ఉంచారు. ఆ రెండు గంటలూ మహాదేవప్ప వాకిట్లో కుక్కను కూడా అరవనివ్వలేదు. మూడింటికి ప్రియాంక ఒక పోగును గాజు పలక మీద పరిచి, కారులో తెచ్చుకున్న మైక్రోస్కోప్‌లో చూసింది. పక్కనే నిలబడ్డ తండ్రి వైపు తిరిగి, "నడుస్తున్నది," అంది.

నడుస్తోంది నిజమే, కానీ కెమెరా బిగించాక కొత్త తంటా వచ్చింది. హైవే మీద లారీ పోయినప్పుడల్లా తెర మీద బొమ్మ వణికిపోతోంది. ఆ అదురు మన కాలికి కూడా తెలియదు, ఆ కెమెరాకు మాత్రం భూకంపమే. మేజా మార్చారు, గది మార్చారు, దేవుడి గదిలో నేల మీద కూడా పెట్టి చూశారు. పూణెలో తమ బల్ల గాలి మీద తేలుతూ ఉంటుందనీ, ఇక్కడ అలాంటిది లేకపోతే కష్టమనీ హరికృష్ణ నీరసంగా అన్నాడు.

వేరే రోజయితే మహాదేవప్ప తెలిసినట్టు తల ఊపేవాడు.

"గాలి మీదనా? ఎట్లుంటది సారూ, జర చెప్పుండ్రి," అన్నాడు.

హరికృష్ణ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. మహాదేవప్ప ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, కొట్టంలోకి వెళ్ళి ట్రాక్టర్ వెనక టైరు ట్యూబును దొర్లించుకుంటూ వచ్చాడు. దాన్ని నేల మీద పరిచి, నలుగురూ పట్టి పైన షాబాదు బండ ఒకటి పెట్టారు. మైక్రోస్కోప్ బండ మీదకెక్కింది. లారీ పోయింది, బొమ్మ వణికింది. హరికృష్ణ ముఖం వాడింది. మహాదేవప్ప మాత్రం వంగి ట్యూబులోంచి కొంచెం గాలి వదిలాడు. గట్టి టైరుతో పొలంలో దిగితే నడుము విరుగుతుందనీ, మెత్తటి టైరు కుదుపును మింగేస్తుందనీ చెబుతూ మళ్ళీ కొంచెం వదిలాడు. మూడోసారి వదిలాక చెరకు లారీ ఒకటి నిండు బరువుతో పోయింది. బొమ్మ కదల్లేదు.

హరికృష్ణ లేచి నిలబడి ఆయనకు చేయి కలిపాడు. మహాదేవప్ప తన చేయి పంచెకు తుడుచుకొని మరీ ఇచ్చాడు.

నాలుగున్నరకు తీశారు. ఇంతకీ తీసింది రెండు సెకన్లు. రోజంతా ఇంత బాధపడి రెండు సెకన్లేనా అని పార్వతమ్మ విస్తుపోయింది. ఆ రెండు సెకన్లను నెమ్మదిగా తిప్పి చూడాలంటే చాలా గంటలు పడుతుందని ప్రియాంక చెప్పింది. ఒక చిన్న ముక్కను పెట్టింది. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు. అందులో ఒక చుక్కను వేలితో చూపించింది. మోటారు కనబడదు, దాని నెత్తి మీది మూట కనబడుతుంది, మూటను చూసి నడకను తెలుసుకోవాలి అంది.

చుక్క కాసేపు ఉన్నచోటే వణుకుతూ ఉంది. ఉన్నట్టుండి ఒక్క అడుగు ముందుకు దూకింది. ఆగింది. మళ్ళీ వణికింది. మళ్ళీ ఒక అడుగు. గంజ్ మార్కెట్లో అల్లం బస్తా ఎత్తుకొని చెక్క పలక మీదుగా లారీ ఎక్కే హమాలీ కూడా ఇలాగే, బరువు సర్దుకొని ఒక అడుగు, సర్దుకొని ఒక అడుగు. మహాదేవప్ప కళ్ళార్పలేదు. ప్రియాంక పెదవులతో లెక్కపెడుతోంది. పదకొండు, పన్నెండు, పదమూడు. పదమూడు దగ్గర లెక్క ఆపేసింది. అన్ని అడుగులూ ఒకే కొలత. అయిదేళ్ళుగా ఆమె కాగితం మీద వేసిన లెక్క ఎదురుగా నడిచిపోతోంది.

"ఇదంత మన బాయిలదేనా?" అని అడిగాడు మహాదేవప్ప.

"మన బాయిలదే. మూడు జిల్లాల చెర్లు, బాయిలు తిరిగిన నాయినా. ఇంత జోరుగ ఉరికే నాచు ఇంకేడ దొర్కలే."

అయిదేళ్ళుగా లోపలే పెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"మరి పేపర్ల సుట్టి దాసుకొని ఎందుకు పోతుంటివి బిడ్డా? మన బాయి మురికిదని సిగ్గుపడుతున్నవనుకున్న. గందుకే కడిగిపిచ్చిన."

ప్రియాంక తెర ఆపేసి తండ్రి వైపు తిరిగింది. "ఎండ తగిలితే వాడిపోతది నాయినా. గందుకు సుట్టేది," అంది. "సిగ్గెందుకు? నా ల్యాబ్‌ల అందరు దాన్ని మహాదేవప్ప నాచు అనే అంటరు."

మహాదేవప్ప లేచి బయటికి వెళ్ళాడు. బావి గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఏడ్చాడు కూడా. ఎందుకేడుస్తున్నావని అడగడానికి వచ్చిన పార్వతమ్మ అడగకుండానే పక్కన కూర్చుంది.

శుక్రవారం పొద్దున హరికృష్ణ కెమెరాకు సీటు బెల్టు కట్టుకొని పూణె వెళ్ళిపోయాడు. నర్సింలు వచ్చి బ్లీచింగ్ నీళ్ళు తోడడం మొదలుపెట్టాడు. ఊట నీళ్ళు తేరుకునేదాకా మిగిలిన నాచు మట్టి గోలెంలో, అరుగు నీడన ఉంటుంది. ఆ చుట్టుపక్కలకు చీపురు పట్టుకొని రావొద్దని పార్వతమ్మకు గట్టి ఆజ్ఞ.

మధ్యాహ్నం ప్రియాంక హైదరాబాద్ బస్సుకు బయల్దేరింది. సీసాను మహాదేవప్పే నింపాడు. న్యూస్‌పేపర్ రెండు పొరలు తానే చుట్టాడు, ట్యూబు ముక్కతో బిగించాడు. సంచిలో పెట్టనివ్వలేదు. రెండు చేతులా పట్టుకొని జహీరాబాద్ బస్టాండులో నిలబడ్డాడు. అందులో ఏముందని ఎవరైనా అడుగుతారేమోనని ముందు కొంచెం చూశాడు. ఎవరూ అడగకపోయేసరికి తానే మొదలుపెట్టాడు. పక్కన నిలబడ్డ మిరపకాయల వ్యాపారికి చెప్పాడు, న్యాల్‌కల్ బస్సు కోసం చూస్తున్న ముసలామెకు చెప్పాడు, పల్లీలమ్మే అతనికి చెప్పాడు. కాళ్ళున్న మోటార్లు, నెత్తిన మూటలు, ఒకే కొలత అడుగులు. గుంపు చేరింది. గుంపులో సిద్దప్ప కూడా ఉన్నాడు.

"అంత బాగనే ఉన్నది గని మహాదేవప్పా, ఎన్ని హెచ్‌పీ?"

అందరూ మహాదేవప్ప వైపు చూశారు. బస్సు వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగింది, కండక్టర్ హైదరాబాద్, హైదరాబాద్ అని పిలుస్తున్నాడు. మహాదేవప్ప తల ఊపలేదు.

"నాకు తెల్వది సిద్దప్పా," అన్నాడు. సీసాను గుండెకు ఆనించుకొని కూతురి వైపు తిరిగాడు. "ఎన్ని ఉంటది బిడ్డా? చెప్పు, అందరం వింటం."

ప్రియాంక నవ్వి, భుజం మీది సంచి దించి బెంచీ మీద పెట్టింది. వేళ్ళ మీద లెక్కవేసి, హెచ్‌పీలో చెప్పాలంటే సున్నాలు ఎక్కడ మొదలుపెట్టాలో చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. తండ్రి మధ్యలో ఆపి ఒక ప్రశ్న అడిగాడు. దానికి చెబుతుండగా ఇంకొకటి అడిగాడు. బస్సు వెళ్ళిపోయింది. ఇంకోటి అరగంటలో ఉంది.